అలాస్కా సాల్మన్ వేట: ఏ వారం సెలవు పెట్టాలి?

అలాస్కా ట్రిప్పు అనగానే అమెరికాలో ఉన్న మనవాళ్లు జూలై 4 లాంగ్ వీకెండ్ వైపు చూస్తారు. పిల్లలకి బడి ఉండదు, ఆఫీసు సెలవొకటి కలిసొస్తుంది, ఇంకో మూడు రోజులు పెడితే వారం అవుతుంది. కొండలూ హిమానీనదాలూ చూడ్డానికి బాగానే ఉంటుంది. గాలం వేయడానికి మాత్రం, కీనాయ్ నది మీద, అది చాలా ఏళ్లలో ఎండు వారం. జూన్‌లో నది ఎక్కిన సాకై సాల్మన్ తొలి గుంపు అప్పటికి పల్చబడిపోతుంది. జూలై మూడో వారంలో రావలసిన పెద్ద గుంపు ఇంకా సముద్రంలోనే ఉంటుంది. చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ జూలై 4 ప్రాంతంలోనే పశ్చిమాన బ్రిస్టల్ బేలో ప్రపంచంలోకెల్లా పెద్ద సాకై సాల్మన్ వలస ఉరకలేస్తుంటుంది. 2022లో ఒక్క వేసవిలో అక్కడికి దాదాపు 7.9 కోట్ల సాకైలు వచ్చాయి. రాష్ట్రం అదే, చేప అదే, తేదీ కూడా అదే.

కాబట్టి "సీజను మే నుంచి సెప్టెంబరు దాకా" అనే మాట పట్టుకుని టికెట్లు కొనకండి. ఇక్కడ నేను చెప్పేది ముఖ్యంగా కీనాయ్ ద్వీపకల్పం గురించి. యాంకరేజ్‌లో విమానం దిగి, అద్దె కారులో నది ఒడ్డుకి వెళ్లిపోవచ్చు. బ్రిస్టల్ బేకి ఆ వీలు లేదు; అక్కడికి రోడ్డే లేదు, చిన్న విమానాలు, లాడ్జీలు, ఖర్చు వేరే లెక్క. పద్ధతి మాత్రం ఏ నదికైనా ఒకటే. సెలవు తేదీలు గడిచిన ఏళ్ల లెక్కలు చూసి ఖాయం చేసుకోవాలి. ఏ నదిలో దిగాలన్నది ఆ వారం లెక్కలు చూసి తేల్చుకోవాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు: నది పేరు ఆరు నెలల ముందే ఖాయం, తేదీలు మాత్రం ఎక్కడ చవకగా టికెట్ దొరికితే అక్కడ.

1. ముందు చేప తేలాలి

పసిఫిక్ సాల్మన్‌లో అలాస్కాకి వచ్చేవి ఐదు జాతులు: కింగ్, సాకై, సిల్వర్, పింక్, చమ్. ఐదూ ఒకేసారి రావు. ఒక్కో జాతి పట్టేవాణ్ణి ఒక్కోలా పరీక్షిస్తుంది కూడా.

కింగ్ అంటే అందరికీ మోజు. గాలంతో పట్టిన వాటిలో ప్రపంచ రికార్డు కీనాయ్‌దే: 1985 మే 17న లెస్ ఆండర్సన్ పట్టిన 97 పౌండ్ల 4 ఔన్సుల చేప, అంటే 44 కిలోల పైమాట. ఆ కథ విని బయల్దేరేవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ కొన్నేళ్లుగా కీనాయ్‌లో కింగ్ రాక ఘోరంగా పడిపోయి, వాటి వేటని సీజన్లకి సీజన్లే మూసేస్తున్నారు. కింగ్ కోసమే కీనాయ్ టికెట్ కొనకండి. పట్టి తీరాలనుకుంటే యాంకరేజ్ నడిబొడ్డున పారే షిప్ క్రీక్ ఉంది. అక్కడివి హేచరీలో పెంచి వదిలిన చేపలు. మే చివర్నుంచి జూలై మధ్య దాకా వస్తాయి, జూన్ నడిమిలో జోరు. పక్కన రైల్వే పట్టాలు, గిడ్డంగులు, వెనక ఆఫీసు భవనాలు. అడవిలో ఉన్నామన్న భావన రాదు గానీ, హోటల్ నుంచి నడిచి వెళ్లి కింగ్ పట్టగలిగే ఊళ్లు మరెన్ని ఉన్నాయి?

సాకైని అక్కడ రెడ్ అంటారు. ఫ్రీజర్ నింపుకోవాలంటే ఇదే. మామూలుగా రెండున్నర, మూడున్నర కిలోల మధ్య ఉంటుంది. కండ ఎర్రగా, గట్టిగా ఉంటుంది, పులుసులో పెట్టినా ముక్క విడిపోదు. దీనితో చిక్కల్లా ఒకటే: ఇది ఎర తినదు. సముద్రంలో ఉన్నన్నాళ్లూ సన్నని రొయ్యల్లాంటి జీవుల్నీ ప్లవకాల్నీ తిని బతికే చేప, నదిలోకి వచ్చాక అదీ మానేస్తుంది. మరి గాలానికి ఎలా పడుతుంది? బరువు కట్టిన దారం నీటి అడుగున కొట్టుకుపోతూ, నోరు తెరుచుకుంటూ మూసుకుంటూ ఎదురీదుతున్న చేప నోట్లోంచి జారి, చివరి కొక్కెం దవడకి తగులుకుంటుంది. అంటే ఇక్కడ మీ నేర్పు కన్నా మీ ముందునుంచి గంటకి ఎన్ని చేపలు పోతున్నాయన్నదే ముఖ్యం. సాకై వేటలో తేదీకి అంత విలువ అందుకే. వారం తప్పితే ఎంత నేర్పున్నవాడైనా ఖాళీ చేతులతో తిరిగొస్తాడు.

సిల్వర్ సంగతి వేరు. ఇది కోపిష్ఠి చేప. మెరిసే స్పిన్నర్ కనబడితే వెంటపడి కరుస్తుంది, చేప జన కట్టిన ఎరని మింగుతుంది, పట్టుబడ్డాక నీళ్లలోంచి పైకెగురుతుంది. గుంపు కాస్త పల్చగా ఉన్నా దొరుకుతుంది కాబట్టి తేదీ విషయంలో మనల్ని క్షమిస్తుంది. మొదటిసారి గాలం పట్టేవాళ్లకీ, పది పన్నెండేళ్ల పిల్లలకీ నా ఓటు సిల్వర్‌కే.

పింక్ చిన్నది, కిలోన్నర రెండు కిలోలు. కండ మెత్తన. రుచిలో వెనకే గానీ, వచ్చినప్పుడు దండులా వస్తుంది. చమ్ జాతిని కీనాయ్ ప్రయాణంలో లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

2. ద్వీపకల్పం క్యాలెండరు

జూన్ 11న రష్యన్ రివర్ తెరుచుకుంటుంది. కూపర్ లాండింగ్ దగ్గర కీనాయ్‌లో కలిసే చిన్న నది ఇది, అద్దంలాంటి నీళ్లు. తొలి గుంపు సాకైలు ఇక్కడికే వస్తాయి. జూన్ రెండో సగంలో బాగా ఉండి, జూలై మొదటికి నీరసిస్తాయి. తెరిచిన మొదటి రోజు, ఆ తర్వాతి రెండు శనాదివారాలు ఒడ్డున మనిషికీ మనిషికీ మధ్య గాలపు కర్ర తిప్పేంత చోటుండదు. దాన్ని అక్కడివాళ్లు సరదాగా యుద్ధమనే అంటారు.

జూలై మొదటి పది రోజులు మందం. ఆ తర్వాత కీనాయ్ అసలు గుంపు మొదలవుతుంది. చాలా ఏళ్లలో జూలై 18, 31 మధ్య ఉధృతంగా ఉంటుంది, ఆగస్టు తొలి వారంలో కూడా మంచి సంఖ్యలే కనిపించిన ఏళ్లున్నాయి. రష్యన్ రివర్‌కి రెండో గుంపు కూడా జూలై మధ్యనుంచే వస్తుంది. అక్కడ సాకై సీజను ఆగస్టు 20తో ముగుస్తుంది.

ఒక హెచ్చరిక. జూలై 10 నుంచి 31 దాకా కీనాయ్ నదీముఖంలో పెద్ద చేతి వలలతో చేపలు పట్టుకునే హక్కు అలాస్కా నివాసులకి ఉంది. మనం చూడ్డమే, దిగకూడదు. కానీ ఆ మూడు వారాలూ యాంకరేజ్ జనమంతా కీనాయ్, సోల్డాట్నా ఊళ్లలోనే ఉన్నట్టుంటుంది. గదులు దొరకవు, శుక్రవారం సాయంత్రం రోడ్డు కదలదు.

సిల్వర్లు ముందు సముద్రంలో దొరుకుతాయి. సీవర్డ్ ఊరి ముందున్న రిజరెక్షన్ బేలో జూలైలోనే పడవల మీద పట్టడం మొదలవుతుంది, ఆగస్టులో జోరు. ఆ ఊరి సిల్వర్ సాల్మన్ పోటీ జరిగేది కూడా ఆగస్టులోనే. కీనాయ్ నదిలోకి అవి ఆగస్టు మొదటి వారాల్లో వస్తాయి, సెప్టెంబరులో ఇంకో గుంపు, కాస్త పెద్ద చేపలతో. సెప్టెంబరులో దోమలు ఉండవు, జనం ఉండరు, చెట్లన్నీ పసుపు పచ్చగా మారతాయి. వాన మాత్రం ఉంటుంది. ఆ ప్రాంతంలో మే, జూన్ నెలలు పొడిగా ఉంటాయి, ఆగస్టు, సెప్టెంబరుల్లో ముసురు.

3. తినడానికా, పట్టడానికా?

పుస్తెలమ్మైనా పులస తినాలనే నేల మనది. సముద్రంలోంచి గోదారి ఎర్రనీటికి ఎదురీది పైకొచ్చాకే ఆ చేపకి రుచి వస్తుందని మన నమ్మకం. సాల్మన్ దగ్గర ఆ లెక్క పెట్టుకుంటే మోసపోతాం. ఇది నది ఎక్కేకొద్దీ రుచి దిగజారుతుంది. మంచినీటిలోకి వచ్చాక తిండి మానేసి, ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే ప్రయాణం చేస్తుంది, గుడ్లు తయారుచేసుకుంటుంది. వెండిలా మెరిసే ఒళ్లు మొదట గులాబీ రంగు తిరుగుతుంది, ఆపైన సాకై అయితే ఎర్రటి ఒళ్లు, పచ్చటి తలతో తయారవుతుంది, మగదానికి వీపు మీద గూని, వంకర ముక్కు. ఫొటోలకి అద్భుతం. లోపల కండ మాత్రం పాలిపోయి, మెత్తబడి ఉంటుంది.

దీని వల్ల తేదీతో పాటు నది మీద చోటు కూడా చూసుకోవాల్సి వస్తుంది. ఆగస్టు పదో తేదీన సోల్డాట్నా దగ్గర దిగువ కీనాయ్‌లో ఇంకా వెండి చేప దొరకవచ్చు. అదే రోజు రష్యన్ రివర్ పైభాగంలో కనిపించేవి ఎర్రబడ్డవే. ఇంటికి తెచ్చుకుని వండుకోవాలంటే గుంపు పెరుగుతున్న రోజులు, దిగువ నది. రెక్కల దగ్గర సముద్రపు పేలు అంటుకుని ఉన్నాయంటే ఆ చేప ఉప్పునీరు వదిలి కొద్ది రోజులే అయిందని గుర్తు. వాటిని చూసి అసహ్యించుకోకండి, దొరికిన వాటిలో మేలైన చేప అదే. ఎర్ర చేపల్ని, వాటి వెంట వచ్చే ఎలుగుబంట్లని చూడటమే కోరికైతే, గుంపు చివరి రోజులు, ఎగువ నది.

4. పాత లెక్కలతో వారం తేల్చడం

ఊహలు వదిలేసి లెక్కల్లోకి దిగాల్సిన చోటిది. అలాస్కా చేపల, వేట శాఖ తన వెబ్‌సైటులో నదుల వారీగా రోజువారీ చేపల లెక్క పెడుతుంది, పాత ఏళ్లవి కూడా ఉంటాయి. కీనాయ్‌లో నదీముఖం నుంచి 19వ మైలు దగ్గర నీటిలో సోనార్ యంత్రాలున్నాయి, ధ్వని తరంగాలతో దాటే చేపల్ని లెక్కపెడతాయి. రష్యన్ రివర్‌లో అడ్డంగా తడిక లాంటి కట్టు కట్టి లెక్కిస్తారు.

కీనాయ్ రెండో గుంపు, అంటే జూలైలో వచ్చే అసలు గుంపు, సాకై లెక్క తీసుకుని, గత ఎనిమిది పదేళ్లవి ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి దించండి. ఒక్కో ఏడాదిలో మొత్తం చేపల్లో పాతిక శాతం ఏ రోజుకి దాటాయో, డెబ్బై ఐదు శాతం ఏ రోజుకి దాటాయో గుర్తించండి. ఆ రెండు తేదీల మధ్య కాలమే ఆ ఏడాది గుంపు నడుము. అన్ని ఏళ్ల నడుములూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎక్కువ ఏళ్లకి ఉమ్మడిగా పడే రోజులు కనిపిస్తాయి. మీ సెలవు అక్కడ పెట్టాలి. మన ఐటీ వాళ్లకి ఇది అరగంట పని. చాలామంది ఆ అరగంట పెట్టరు, "పోయినేడు ఫలానా తేదీకి బాగా పడ్డాయట" అన్న మాట మీద వెళ్లిపోతారు. ఒక్క ఏడాది మాట పట్టుకోకూడదు, ఎందుకంటే గుంపు వారం ముందుకీ వారం వెనక్కీ జరగడం మామూలే.

ఒకే రోజు గరిష్ఠ సంఖ్య కోసం చూడకండి. వరుసగా అయిదారు రోజులు స్థిరంగా బాగున్న కాలం, ఒక్కరోజు లక్ష దాటి మర్నాడు పడిపోయిన కాలం కన్నా మనకి మేలు.

ఆపైన దూరం కలుపుకోవాలి. సోల్డాట్నా వంతెన సోనార్‌కి రెండు మైళ్లే పైన ఉంది, కాబట్టి సోనార్ ఈరోజు చెప్పింది సోల్డాట్నాకి ఈరోజుదే. రష్యన్ రివర్ కలిసే చోటు ఇంకా 50 మైళ్ల పైన ఉంది; చేపలు అక్కడికి చేరడానికి మామూలుగా వారం దాకా పడుతుంది. కాబట్టి ఎగువన బస చేసేవాళ్లు తేదీల్ని ఆ మేరకి ఆలస్యంగా పెట్టుకోవాలి.

5. సరి ఏడాదా, బేసి ఏడాదా

పింక్ సాల్మన్ జీవితం కచ్చితంగా రెండేళ్లు. అందువల్ల సరి సంవత్సరాల్లో వచ్చే వంశం, బేసి సంవత్సరాల్లో వచ్చే వంశం ఎప్పటికీ కలవవు. కీనాయ్‌లో సరి సంవత్సరాల వంశానిదే బలం. 2026, 2028 లాంటి ఏళ్లలో ఆగస్టులో దిగువ నది పింక్‌లతో కిటకిటలాడుతుంది. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి పండగ: గాలం వేసిన ప్రతిసారీ ఏదో ఒకటి లాగుతుంది. సిల్వర్ కోసం వెళ్లినవాళ్లకి చిరాకు, ఎర సిల్వర్ దాకా చేరకముందే పింక్ లాక్కుపోతుంది. సిల్వర్ మీద మనసున్నవాళ్లు ఆగస్టుకి బేసి ఏడాది చూసుకోండి, సరి ఏడాది తప్పనిసరైతే సెప్టెంబరుకి జరపండి.

సియాటిల్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు గుర్తుంచుకోవలసింది దీనికి సరిగ్గా ఎదురు. అక్కడి సముద్రపు పాయ పుజెట్ సౌండ్‌లో పింక్‌లు బేసి సంవత్సరాల్లోనే దండిగా వస్తాయి. ఆ ఏళ్లలో ఆగస్టులో సముద్రపు ఒడ్డు నుంచే, ఆ తర్వాత సెప్టెంబరులో స్నోహోమిష్, ప్యూయలప్ లాంటి నదుల్లో పట్టుకోవచ్చు. విమానం ఎక్కకుండా పిల్లలకి మొదటి చేప పట్టించాలంటే అంతకన్నా తేలిక దారి లేదు. నిబంధనలు మాత్రం ప్రతి వసంతంలో కొత్తగా ఖరారవుతాయి, పోయినసారి తెరిచిన చోటు ఈసారి మూసి ఉండొచ్చు. పట్టడం అవసరం లేదు, చూస్తే చాలంటే ఇసాక్వా హేచరీ ఉండనే ఉంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో బెల్‌వ్యూ, సమామిష్ తెలుగు కుటుంబాలు ఎలాగూ అక్కడ కనిపిస్తూనే ఉంటాయి.

6. ఎంచుకున్న వారంలో ఏ రోజు, ఏ గంట

జూన్ 21 ప్రాంతంలో యాంకరేజ్‌లో పగలు 19 గంటల పైనే. చేపలకి మన ఆఫీసు వేళలు లేవు. రష్యన్ రివర్ మీద జనం తప్పించుకోవాలంటే మంగళ, బుధ వారాలు పెట్టుకుని, రాత్రి భోజనం చేసి పదింటికి నదిలో దిగండి, వెలుతురు సరిపోతుంది. సిల్వర్లకి తెల్లవారుజాము. ఆగస్టు చివరికి నిజమైన చీకటి వచ్చేస్తుంది కాబట్టి పొద్దున్నే లేవక తప్పదు.

షిప్ క్రీక్ లాంటి నదీముఖాల దగ్గర గడియారం కన్నా ఆటుపోట్ల పట్టిక ముఖ్యం. యాంకరేజ్ ముందున్న సముద్రపు పాయ కుక్ ఇన్‌లెట్‌లో పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం తేడా పెద్ద పోట్లప్పుడు 30 అడుగుల దాకా పోతుంది. పోటుతో పాటు చేపలు లోపలికి వస్తాయి. పోటు నిండే ముందు, దిగే మొదట్లో ఒకటి రెండు గంటలు మంచి సమయం. పెద్ద పోట్లు అమావాస్య, పౌర్ణములకి వస్తాయి, గోడమీది తెలుగు క్యాలెండరు చాలు. నీరు తీసినప్పుడు బయటపడే బురదలోకి మాత్రం ఎవరూ దిగకండి, పిల్లల్ని అసలు దింపకండి. హిమానీనదాలు నూరిన మెత్తటి మన్ను అది, కాలు దిగబడితే వదలదు. వెనకే పోటు వస్తుంది.

ఇక వాతావరణం. కీనాయ్ హిమానీనదపు నీరు. వరసగా ఎండలు కాస్తే మంచు కరిగి నది ఉబ్బుతుంది. ఉబ్బిన నదిలో నడిమధ్య వడి ఎక్కువ కాబట్టి సాకైలు ఒడ్డుని రాసుకుంటూ ఎక్కుతాయి. నడుము లోతుకి దిగి దూరంగా విసిరేవాళ్ల మోకాళ్ల వెనకనుంచే చేపలు పోతుంటాయి. మోకాలి లోతు మించి దిగొద్దు. సిల్వర్‌కి ఎండ కన్నా వాన మంచిది: చిన్న నదుల ముఖం దగ్గర ఆగి ఉన్న గుంపు మంచి వాన పడి నీరు పెరగ్గానే ఒక్కసారి లోపలికి కదులుతుంది. కాబట్టి ఆగస్టు ట్రిప్పులో రెండు రోజులు ముసురు పడితే గదిలో కూర్చోకండి, మూడో రోజు మీదే.

గుంపు ముదిరేకొద్దీ చచ్చిన చేపలు ఒడ్డుకి చేరతాయి, వాటికోసం ఎలుగుబంట్లు వస్తాయి. పట్టిన చేపల్ని, తిండి సంచీని చేయి చాచితే అందేంత దగ్గరే ఉంచుకోవాలి.

7. కాగితాలు, పరిమితులు

బయటి రాష్ట్రాలవాళ్లకి గాలపు లైసెన్సు ఒక రోజుకి 15 డాలర్లు, మూడు రోజులకి 30, వారానికి 45. కింగ్ పట్టాలంటే దానిమీద విడిగా స్టాంపు. పదహారేళ్ల లోపు పిల్లలకి లైసెన్సు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు, కొనే రోజు ధరలు ఒకసారి సరిచూసుకోండి.

సాకైకి మామూలు పరిమితి మనిషికి రోజుకి మూడు. గుంపు బాగా వచ్చిన ఏళ్లలో శాఖవాళ్లు అత్యవసర ఉత్తర్వుతో దాన్ని ఆరు చేస్తారు. రాకపోతే అదే రకం ఉత్తర్వుతో నదిని మూసేస్తారు. రెండూ చాలా తక్కువ వ్యవధిలో జరుగుతాయి. కాబట్టి రోజూ పొద్దున నదిలో దిగే ముందు ఉత్తర్వుల పేజీ చూడటం అలవాటు చేసుకోండి. సాకైకి నోట్లో కాక ఒంటికి ఎక్కడ కొక్కెం గుచ్చుకున్నా వదిలేయాల్సిందే. పక్కవాళ్లు ఉంచుకుంటున్నారు కదా అని మనం ఉంచుకుంటే, అధికారి పట్టుకునేది మనల్నే.

8. ఇక బుకింగ్

బస కోసం నా ఎంపిక కూపర్ లాండింగ్. యాంకరేజ్ నుంచి 100 మైళ్లు. అక్కణ్ణించి రష్యన్ రివర్ పక్కనే, ఇటు సోల్డాట్నా, అటు సీవర్డ్ రెండూ సుమారు గంట ప్రయాణం. ముందు చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది: లెక్క దిగువన బాగుంటే దిగువకి, నదులు రెండూ చప్పగా ఉంటే సీవర్డ్ వెళ్లి సముద్రంలో పడవ. సోల్డాట్నాలోనే వారం బుక్ చేసుకున్నవాళ్లకి ఈ వెసులుబాటు తగ్గిపోతుంది. జూలై చివరి వారాల గదులు, గైడ్లు జనవరి, ఫిబ్రవరిలోనే అయిపోతుంటాయి. గదులు రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి. గైడ్‌ని మొత్తం వారానికి కాక మొదటి రోజుకి ఒక్కరోజు పెట్టుకోండి. సాకైకి దారం జార్చే పద్ధతి ఒకసారి చేతికి అలవాటైతే తర్వాత ఎవరి సాయమూ అక్కర్లేదు.

మరి ఏ వారం? బడి తేదీల్ని బట్టి చెబుతాను. టెక్సస్‌లో చాలా బళ్లు ఆగస్టు మధ్యలోనే తెరుస్తారు కాబట్టి డాలస్, ఆస్టిన్ వాళ్లకి జూలై 20 నుంచి 28. ఫ్రీజర్ నిండే అవకాశం ఎక్కువ, జనమూ ఎక్కువ. సియాటిల్ ప్రాంతంలో బడి సెప్టెంబరు దాకా తెరవరు, ఆ అదృష్టం వాడుకుని ఆగస్టు 12 తర్వాత వెళ్లండి, సిల్వర్ల కోసం. జీవితంలో ఒక్కసారే వెళ్తాం, అన్నీ కొంచెం కొంచెం కావాలనే వాళ్లకి జూలై 26 నుంచి ఆగస్టు 3. నదిలో సాకై ఇంకా ఉంటుంది, సీవర్డ్ సముద్రంలో సిల్వర్ వచ్చేసి ఉంటుంది. రెండింటిలో ఒకటి మొండికేసినా రెండోది ఆదుకుంటుంది. జూన్ 15, 22 మధ్య వెళ్లేవాళ్లు రాత్రిలేని రాత్రుల కోసం, రష్యన్ రివర్ తొలి గుంపు కోసం వెళ్లండి, కీనాయ్ అసలు గుంపు మీద ఆశ పెట్టుకోకండి. ఐదు రాత్రుల కన్నా తక్కువైతే మాత్రం, గుంపు రెండు రోజులు ఆలస్యమైనా ట్రిప్పు పోయినట్టే.

బయల్దేరడానికి పది రోజుల ముందునుంచి సోనార్ లెక్క రోజూ చూడండి. లెక్క ఒకరోజు ఆలస్యంగా వస్తుంది, కాబట్టి మూడు రోజుల పోకడ గమనించాలి. రోజుకి పదివేల లోపు ఉంటే సాకైకి ఓపిక కావాలి. ముప్ఫై నలభై వేలు దాటి నిలబడితే కొత్తవాళ్లకి కూడా పరిమితి నిండుతుంది, మిగతా పనులన్నీ మానేసి నదికి పొండి.

తూర్పు తీరం వాళ్లలో కొందరు అలాస్కాకి బదులు న్యూయార్క్‌లోని పులాస్కీ ఊరి దగ్గర సాల్మన్ రివర్‌కి వెళ్తుంటారు. అక్కడ కాలం సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా. ఒంటేరియో సరస్సునుంచి పెద్ద పెద్ద కింగ్‌లు వస్తాయి. పెనుగులాటకి బాగుంటుంది, తినడానికి నేను సిఫారసు చేయను. నది ఎక్కేసరికే నల్లబడి ఉంటాయి, పైగా ఆ సరస్సు చేపల విషయంలో ఆడవాళ్లకీ పిల్లలకీ ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ హెచ్చరికలున్నాయి.

ఆఖరుగా, తిరుగు విమానానికి ముందు రోజు వేట పెట్టుకోవద్దు. సోల్డాట్నా, సీవర్డ్‌లలో చేపల్ని ముక్కలు కోసి, గాలి తీసి ప్యాక్ చేసి, గడ్డకట్టించి ఇచ్చే దుకాణాలుంటాయి. జోరు రోజుల్లో వాళ్లకి ఒక పూర్తి రోజు, ఒక్కోసారి రెండు పడుతుంది. గడ్డకట్టిన చేపల పెట్టెని మామూలు సామానులాగే విమానంలో వేయొచ్చు, 50 పౌండ్లు దాటకుండా చూసుకోండి. ఇంట్లో ఫ్రీజర్‌లో చోటు ఎంతుందో మాత్రం బయల్దేరే ముందే చూసుకోండి.